రాత్రయితే ఆరిపోతున్న వీడియో డోర్‌బెల్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేటప్పుడు వైరుతో నడిచే వీడియో డోర్‌బెల్, దానితోపాటు లోపల మోగే 16 వోల్టుల డింగ్‌డాంగ్ బెల్లు తెచ్చిండు. డోర్‌బెల్ వెనక ‘16 నుంచి 24 వోల్టుల ఏసీ, 10 నుంచి 40 వీఏ’ అని రాసున్నది. ఇక్కడి ఎలక్ట్రీషియన్ 18 వోల్టుల, అర ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ కొని మెయిన్ బోర్డు పక్కన బిగించిండు. అక్కడి నుంచి గేటు దాకా 32 మీటర్లు. పైపులో పాత టెలిఫోన్ వైరు ఉంటే దానికే కలిపిండు. పగలు మంచిగనే నడుస్తది. చీకటి పడ్డంక పది పదిహేను నిమిషాలకొకసారి ఆరిపోయి మళ్లా లేస్తది. ఎవరన్న బటన్ నొక్కితే లోపలి బెల్లు మోగుడు మానేసి గుర్రుమంటది, కెమెరా ఆగిపోతది. నొక్కకున్నా లోపలి బెల్లు సన్నగ గుయ్యిమంటనే ఉంటది. ‘డోర్‌బెల్లే ఖరాబైంది, వాపస్ పంపండి’ అని ఎలక్ట్రీషియన్ అంటున్నడు. ఏం చేయాలె?

సమాధానం: ఇప్పుడే వాపస్ పంపకండి. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. పగలు నడుస్తుంది, రాత్రి పడిపోతుంది, నొక్కితే ఆగిపోతుంది అంటే దానికి అందాల్సిన కరెంటు చాలడం లేదు. నిజంగా పాడైన డోర్‌బెల్ పగలూ రాత్రీ చూసుకోదు. చీకటి పడగానే కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి. మన కంటికి కనపడవు గానీ అవి తినే కరెంటు తక్కువేమీ కాదు. పగలు పావు ఆంపియర్‌తో సరిపెట్టుకున్న డోర్‌బెల్ రాత్రికి దానికి దాదాపు రెట్టింపు అడుగుతుంది. గేటు దగ్గర మనిషి కదిలి వీడియో వైఫైలో పంపడం మొదలైతే ఇంకాస్త పెరుగుతుంది. మీ ఏర్పాటు పగటి అవసరానికి సరిపోయింది, రాత్రికి తేలిపోయింది.

ముందుగా పది నిమిషాల పరీక్ష ఒకటి చేయించండి. గేటు దగ్గర డోర్‌బెల్ విప్పి లోపలికి తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే అడుగు పొడవు మంచి వైరుతో కలపండి. మధ్యలో లోపలి బెల్లు మాత్రం పాత పద్ధతిలోనే ఉండాలి. దాన్ని తీసేసి నేరుగా కలపవచ్చా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది, ఆ సంగతి కింద చెప్తాను. కెమెరా పక్కన వెలుతురును పసిగట్టే చిన్న చుక్క ఉంటుంది. దాని మీద నల్ల టేపు వేస్తే పట్టపగలే రాత్రి అనుకుని ఇన్‌ఫ్రారెడ్ వెలిగిస్తుంది. మోడల్‌ను బట్టి ఆ చుక్క లెన్స్ పక్కనే ఉంటే లెన్స్ కూడా మూయాల్సి వస్తుంది. అలా ఫోన్‌లో లైవ్ పెట్టి పది నిమిషాలు వదిలేయండి. నిలబడిందా, డోర్‌బెల్ బాగానే ఉన్నట్టు. తప్పు గేటు దాకా వెళ్లిన ఆ 32 మీటర్ల దారిలో ఉంది. అక్కడా పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్‌నూ లోపలి బెల్లునూ అనుమానించాలి. డోర్‌బెల్ వంతు ఆ తర్వాతే.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఎంసీబీ దించడం మర్చిపోవద్దు. మీ టెలిఫోన్ వైరులో ఉన్నది 18 వోల్టులే అయినా, ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతలి వైపు 230 ఉంది. ఇది చదివే మిగతావాళ్లకు ఇంకో మాట. మన ఇళ్లలో మామూలు కాలింగ్ బెల్ స్విచ్చికి వెళ్లే రెండు వైర్లలో 230 వోల్టుల కరెంటే ఉంటుంది. ‘పాత బెల్లు వైర్లు ఎలాగూ ఉన్నాయి కదా’ అని వీడియో డోర్‌బెల్ నేరుగా వాటికి కలిపితే కన్ను మూసి తెరిచేలోగా కాలిపోతుంది, ముట్టుకున్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ పద్ధతి వేరు. అమెరికా ఇళ్లలో బెల్లు తీగల్లో మొదటి నుంచీ తక్కువ వోల్టేజీయే, సాధారణంగా 16 వోల్టులే, నడుస్తుంది, అందుకే అక్కడి పుస్తకంలో ‘పాత బటన్ తీసి ఇది పెట్టుకోండి’ అని తేలిగ్గా రాసేస్తారు. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కూడా మనకు పనికిరాదు. అది 120 వోల్టుల మెయిన్‌కు చేసింది, మన 230కి పెడితే పొగలు వస్తాయి. మీ ఎలక్ట్రీషియన్ ఇక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కొని మంచి పని చేశాడు. కాకపోతే చిన్నది కొన్నాడు.

ఎంత చిన్నదో చూద్దాం. 18 వోల్టులను అర ఆంపియర్‌తో గుణిస్తే 9 వీఏ. డోర్‌బెల్ మీద రాసిన కనీసమే 10. పైగా ఆ కనీసం డోర్‌బెల్‌కు మాత్రమే. బటన్ నొక్కినప్పుడు లోపలి బెల్లు కాయిల్ కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లాగుతుంది.

అసలు నష్టం టెలిఫోన్ వైరులో జరుగుతోంది, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఆ వైరులో రాగి తీగ మందం సాధారణంగా అర మిల్లీమీటరు. మీటరుకు సుమారు 0.09 ఓముల నిరోధం. కరెంటు గేటు దాకా వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి 32 మీటర్లు మనం లెక్కకు 64 అని పట్టుకోవాలి. మొత్తం 5.6 ఓములు. పగలు పావు ఆంపియర్ పోతే దారిలో 1.4 వోల్టులు ఆవిరి. రాత్రి 0.45 ఆంపియర్ పోతే రెండున్నర వోల్టులు. బటన్ నొక్కి లోపలి బెల్లు ముప్పావు ఆంపియర్ అడిగితే నాలుగు వోల్టులకు పైనే. ఇప్పుడు సాయంత్రం ఏడు, ఎనిమిదింటికి మీ వీధిలో మెయిన్ వోల్టేజీ 190కి దిగిందనుకోండి. యాసంగిలో మోటార్లన్నీ నడిచే రోజుల్లో ఇది మీకు కొత్త కాదు. 230కి 18 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 190కి 14.9 ఇస్తుంది. అందులోంచి దారి ఖర్చు రెండున్నర తీసేస్తే గేటు దగ్గర మిగిలేది 12.4. డోర్‌బెల్‌కు కావలసింది 16. ఇంకెలా నిలబడుతుంది?

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, చాలామంది ఎలక్ట్రీషియన్లు గమనించనిది. మామూలు బల్బుకు వోల్టేజీ తగ్గితే మసకగా వెలిగి ఊరుకుంటుంది. డోర్‌బెల్ లోపల ఉన్న సర్క్యూట్ అలా కాదు. దానికి కావలసిన వాట్లు తగ్గవు, అందుకని వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ లాగితే దారిలో ఇంకా ఎక్కువ పోతుంది, దాంతో ఇంకా తగ్గుతుంది. అలా జారుతూ జారుతూ ఒక దగ్గర ఠక్కున ఆరిపోతుంది. ఆరగానే లోడు పోతుంది, వోల్టేజీ లేస్తుంది, డోర్‌బెల్ మళ్లీ మొదలవుతుంది. మీరు చూస్తున్న ‘ఆరిపోయి మళ్లా లేస్తది’ అన్నది ఇదే.

అందుకే మీటరు పెట్టే పద్ధతి కూడా మారాలి. డోర్‌బెల్ విప్పి, ఊరికే రెండు వైర్ల చివర మీటరు పెడితే 20 వోల్టులు చూపించి ‘కరెంటు ఫుల్లుగా ఉంది, బెల్లుదే తప్పు’ అనిపిస్తుంది. కరెంటు పారనప్పుడు వైరులో ఏమీ పోదు, కాబట్టి ఎంత సన్న వైరైనా ఆ కొలతలో పాసవుతుంది. లోడు మీద కొలవాలి. దీనికి లారీల ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే 24 వోల్టుల, 10 వాట్ల బల్బు ఒకటి, హోల్డరుతో సహా తీసుకోండి. 18 వోల్టుల దగ్గర అది సుమారు 0.35 ఆంపియర్ తీసుకుంటుంది, రాత్రి మీ డోర్‌బెల్ లాగే దానికి దగ్గర. లోపలి బెల్లును వైరింగ్ నుంచి తాత్కాలికంగా తప్పించి, గేటు దగ్గర డోర్‌బెల్ బదులు ఈ బల్బు కలిపి వెలిగించండి. మల్టీమీటర్‌ను ఏసీ 200 మీద పెట్టి ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, తర్వాత గేటు దగ్గర కొలవండి. రెంటికీ తేడా ఎంతో అదే మీ వైరు తింటున్నది. ఈ టెలిఫోన్ వైరుతో దాదాపు 2 వోల్టులు వస్తుంది. అర వోల్టు దాటకూడదు. 2 కంటే బాగా ఎక్కువ వస్తే వైరుతో పాటు మధ్యలో ఎక్కడో జాయింటు కూడా తుప్పు పట్టింది. తర్వాత అలాంటిదే 24 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి చూస్తే బటన్ నొక్కినప్పటి పరిస్థితి తెలుస్తుంది. మీ అర ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ బల్బు బరువెక్కువ, నాలుగైదు సెకన్లు చూసి తీసేయండి. ఈ కొలతలు సాయంత్రం ఏడు తర్వాత తీసినవైతేనే లెక్క. అదే సమయానికి మెయిన్ ప్లగ్గులో ఎన్ని వోల్టులున్నాయో కూడా పక్కన రాసిపెట్టండి, ఈసారి మీటరును 600 లేదా 750 రేంజికి తిప్పి. చవక మీటర్లలో 9 వోల్టుల సెల్లు నీరసపడితే అంకెలు తప్పుతాయి. మీటరు మూల సెల్లు గుర్తు కనిపిస్తుంటే ముందు దాన్ని మార్చండి.

వైరుకు నా సలహా ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరు రెండు పోగులు. 64 మీటర్ల లెక్కకు 1.15 ఓములు, రాత్రి లోడుకు పోయేది అర వోల్టు. 0.75 అయినా నడుస్తుంది. పైపులో కొత్తది లాగడానికి పాత టెలిఫోన్ వైరునే లాగుడు తాడుగా వాడుకోవచ్చు. వైరు వెళ్లక మొరాయిస్తే, ఇంట్లో మిగిలిన క్యాట్-6 నెట్‌వర్క్ కేబుల్ సన్నగా ఉండి దూరుతుంది. అందులోని ఎనిమిది తీగల్లో నిండు రంగువి నాలుగు కలిపి ఒక పోగు, తెల్ల చారలవి నాలుగు కలిపి ఇంకో పోగు చేస్తే దాదాపు 0.8 నుంచి 1 స్క్వేర్ ఎంఎంకు సమానం. కానీ అది అసలు రాగిదై ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుళ్లు బజారులో బోలెడు ఉన్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి. తీగను బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వద్దు. నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటుంది, మెలితిప్పిన జాయింటు ఏడాది తిరక్కుండా వదులైపోతుంది. ఏ వైరైనా సరే 230 వోల్టుల వైర్లు వెళ్లే పైపులో దాన్ని కలిపి లాగవద్దు. లోపల ఇన్సులేషన్ చెదిరితే గేటు దగ్గర నొక్కే చెయ్యికి నేరుగా షాక్ కొడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ 230కి 18 వోల్టులు, 2 ఆంపియర్లది తెచ్చుకోండి. 36 వీఏ అవుతుంది, డోర్‌బెల్ మీద రాసిన 40 దాటదు. నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ‘24 దాకా తట్టుకుంటుంది కదా, 24 వోల్టులదే పెట్టేద్దాం’ అని అక్కడా ఇక్కడా అంటారు. వినకండి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే వోల్టేజీ పూర్తి లోడు మీద వచ్చేది. లోడు లేనప్పుడు పది పదిహేను శాతం ఎక్కువే ఇస్తుంది. తెల్లవారుజామున మెయిన్ 250కి పోతే 24 వోల్టులది దాదాపు 30 కక్కుతుంది. 18 వోల్టులది అదే పరిస్థితిలో ఇరవై రెండున్నర దగ్గర ఆగుతుంది. సెకండరీ వైపు, అంటే 18 వోల్టులు వచ్చే వైపు, 2 ఆంపియర్ ఫ్యూజు ఒకటి పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను గాలి ఆడే డబ్బాలో ఉంచండి. చెయ్యి పెడితే వెచ్చగా ఉండటం మామూలే, వేలు ఆనలేనంత కాలితే ఓవర్‌లోడు.

ఇక మీ సాయంత్రం వోల్టేజీ 200 కంటే బాగా కిందికి పోతుంటే ఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పూర్తి ఫలితం రాదు. 170 దగ్గర 18 వోల్టులది 13 చిల్లరకు దిగుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ను టీవీకి పెట్టే చిన్న స్టెబిలైజర్ మీదికి మార్చడం తేలిక. డోర్‌బెల్ పుస్తకంలో డీసీ కూడా నడుస్తుందని స్పష్టంగా రాసి ఉంటే, 90 నుంచి 264 వోల్టుల దాకా తట్టుకునే ఎస్‌ఎంపీఎస్ (ఏసీని స్థిరమైన డీసీగా మార్చే అడాప్టర్) పెట్టుకుంటే వోల్టేజీ బాధే ఉండదు. మీదాని మీద ఏసీ అని మాత్రమే ఉంది కాబట్టి పుస్తకం చూడకుండా ఆ పని చేయవద్దు. అసలు వోల్టేజీ వీధంతా తక్కువా, మీ ఇంట్లోనేనా అన్నది పక్కింట్లో కొలిస్తే తేలుతుంది. మీ ఒక్క ఇంట్లోనే తక్కువైతే సర్వీసు వైరు జాయింటు స్తంభం దగ్గర వదులై ఉండొచ్చు. లైట్లు ఒక్కోసారి మసకబారి ఒక్కోసారి తెల్లగా మండుతుంటే న్యూట్రల్ వదులైనట్టు, అప్పుడు ఇంట్లో వస్తువులన్నిటికీ ప్రమాదం. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ నంబరు 1912కి వెంటనే ఫోన్ చేయండి. స్తంభం ఎక్కే పని మీ ఎలక్ట్రీషియన్‌తో చేయించవద్దు.

లోపలి బెల్లు గుయ్యిమనడానికి కారణం వేరు. అమెరికా పద్ధతిలో ట్రాన్స్‌ఫార్మర్, లోపలి బెల్లు, గేటు బటన్ మూడూ ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. డోర్‌బెల్ బతకడానికి కావలసిన కరెంటు ఎల్లవేళలా ఆ బెల్లు కాయిల్ గుండానే పారుతుంది. కాయిల్ లోపలి ఇనుప కడ్డీని సెకనుకు 100 విడతలు గుంజి వదులుతుంది, ఆ మోతే మీకు వినిపిస్తున్నది. నొక్కినప్పుడు డోర్‌బెల్ తన రెండు కాళ్లను తానే కలిపేసుకుంటుంది. కరెంటంతా బెల్లుకు పోతుంది, ఆ రెండు మూడు సెకన్లు కెమెరా తనలో దాచుకున్న కొద్దిపాటి శక్తితో నడవాలి. రోజంతా అరకొర తిండితో ఉన్నది ఏం దాచుకోగలదు? అందుకే ఆగిపోతోంది. 9 వీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు కడ్డీని బలంగా కొట్టించే సత్తువ లేదు కాబట్టి అటు బెల్లూ మోగదు, గుర్రుమంటుంది.

డోర్‌బెల్ పెట్టెలో బొటనవేలంత చిన్న డబ్బా, లేదా కురచ వైరు ముక్క ఒకటి వచ్చి ఉండాలి. అబ్బాయిని అడిగి వెతకండి. అది లోపలి బెల్లు రెండు స్క్రూల మధ్య పెట్టాల్సినది. చిన్న డబ్బా అయితే మామూలు వేళల్లో కరెంటును కాయిల్ పక్కనుంచి దాటించి, నొక్కినప్పుడు మాత్రమే బెల్లుకు వదులుతుంది. వైరు ముక్క అయితే బెల్లును పూర్తిగా తప్పిస్తుంది, ఇక అది మోగదు, ఫోన్‌లోనో ప్లగ్గుకు పెట్టుకునే వైర్‌లెస్ బెల్లులోనో వినాలి. చాలామంది ఇళ్లలో ఈ ముక్క ఏమిటో తెలియక పారేస్తారు. మీ గేటు అంత దూరంలో ఉంది కాబట్టి నా ఓటు లోపలి బెల్లును తప్పించి వైర్‌లెస్ బెల్లుకే. ఒకటే జాగ్రత్త: కొన్ని మోడళ్లకు బెల్లు లేకుండా నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు కలపకూడదు, మధ్యలో 25 ఓముల, 50 వాట్ల రెసిస్టర్ పెట్టమంటారు. అది పెట్టకపోతే నొక్కిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్ షార్టవుతుంది. మీ మోడల్ పుస్తకంలో ఏముందో చూసి చేయండి. మన దగ్గరి 230 వోల్టుల డింగ్‌డాంగ్ మాత్రం ఈ దారిలో ఎప్పుడూ కలపవద్దు.

గేటు స్తంభంలో డోర్‌బెల్ వెనక కంత చూడండి. వైరు పైనుంచి దిగితే వాన నీళ్లు దాని వెంటే జారి స్క్రూల దగ్గర చేరతాయి, పచ్చటి చిలుము పడుతుంది. ఉప్పు కాగితంతో గీకి, తెగిన చోటు నుంచి అంగుళం వెనక్కి కొత్త రాగి తేలేదాకా ఒలిచి బిగించండి. వైరును కంత కంటే కిందికి ఒకసారి వంచి పైకి తేవాలి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. సిలికాన్ పూత పైన, రెండు పక్కల వేసి అడుగున ఖాళీ వదలండి.

ఎండాకాలంలో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య మాత్రమే ఆరిపోయి, సాయంత్రం తానే లేస్తే అది వైరు తప్పు కాదు, వేడి. మన జిల్లాలో మేలో 44 డిగ్రీలు దాటుతుంది, పడమటి ఎండ తగిలే నల్ల రంగు డోర్‌బెల్ గాలి కంటే ఎంతో ఎక్కువ కాగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న మోడళ్లు వైరుకు కలిపినా ఆ వేడికి చార్జింగ్ ఆపేస్తాయి. పైన అడుగు వెడల్పు రేకు నీడ పెట్టిస్తే చాలావరకు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు బటన్ చుట్టూ లైటు వెలుగుతూనే ఉండి ఫోన్‌లో మాత్రం కనపడకపోతే, డోర్‌బెల్ ఇన్వర్టర్ మీదుంది, వైఫై రూటర్ లేదు అని అర్థం.

వైరు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాక లోపలి బెల్లు సంగతి చూసి, మళ్లీ నల్ల టేపు వేసి, లైవ్ నడుస్తుండగా గేటు దగ్గర స్క్రూల మీద మీటరు పెట్టండి. రాత్రి ఎనిమిదింటికి 16 పైన నిలవాలి. మూడుసార్లు నొక్కించండి, నొక్కినప్పుడు అంకె ఒక్క క్షణం దాదాపు సున్నాకు పడి లేవడం సహజం, కెమెరా మాత్రం ఆగకూడదు. 17 దగ్గర స్థిరంగా ఉండి కూడా ఆగిపోతే, ఆ అంకె కనిపించేలా మీటరు ఫొటో తీసి వారంటీ కోసం అబ్బాయికి పంపండి. కంపెనీ వాళ్లు మొదట అడిగేది అదే.